బ్యాంకాక్ వయా లింగంపేట

మా లెక్కల సారు ఇంతవరకు సముద్రం దాటలేదు. అయినా మా స్టాఫంతటినీ విదేశాలు తిప్పుకొచ్చే భారం తనదేనని ఆయన నమ్మకం. ఎవరూ ఆయన్ను అడగలేదు. డీఏ ఎప్పుడొస్తుందో తెలియదు, పీఆర్సీ మాట లేదు, అందరూ దిగులుగా ఉన్నారు, ఒక ఫారిన్ ట్రిప్పు కొడితే సరి అని ఒకనాడు స్టాఫ్‌రూములో చాయ్ తాగుతూ ఆయనే అన్నాడు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో 'ఛలో సింగపూర్' గ్రూపు వెలిసింది. కొన్నాళ్లకు దాని పేరు 'ఛలో దుబాయ్' అయింది, తర్వాత 'ఛలో బ్యాంకాక్' అయింది. ఇప్పుడు ఉత్త 'ఛలో' అని ఉంది.

మేమంతా కామారెడ్డిలో కాపురముండి ఎల్లారెడ్డికి అప్ అండ్ డౌన్ చేసేవాళ్లం. (ఎల్లారెడ్డి అంటే సదాశివనగర్ దిక్కునున్న అడ్లూర్ ఎల్లారెడ్డి కాదు. అక్కడ దిగి మా బడి కోసం వెతికిన కొత్త టీచర్లు ఉన్నారు.) నెలకింత అని మాట్లాడుకున్న కారులో ముందు సీటు సారుది. బండి కదలకముందే ఫోను తీస్తాడు. తాడ్వాయి దాటేసరికి సింగపూరు విమానం టికెట్లు అయిపోతాయి, లింగంపేట వచ్చేసరికి వియత్నాం హోటళ్లు మొదలవుతాయి. లింగంపేటలో నాగన్న బావి ఉంది. పాతకాలం మెట్లబావి, ఎక్కడెక్కడినుంచో వచ్చి ఫోటోలు దిగిపోతారు. రోజూ ఆ ఊరి మీదుగా పోయే మాలో ఒక్కరూ బండి దిగి చూసిన పాపాన పోలేదు. "సారూ, ముందు గీ బావి చూద్దామా?" అని సోషల్ మేడం ఒకసారి అడిగింది. "బావి యాడికీ పోదు మేడం, టికెట్ రేటు పోతది" అన్నాడు, ఫోను మీంచి తల ఎత్తకుండా.

ఇక తేదీలు. దసరా సెలవుల్లో పోదామంటే మేడంలు ఒక్కటై లేచారు. "బతుకమ్మ ఇడిసిపెట్టి ఎట్ల పోతం సార్?" ఎండాకాలమంటే మొదట పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్, ఆ వెనుకే పెండ్లిళ్లు, మాట్లాడుతుండగానే జూన్ 12, బడి గంట. సంక్రాంతి సెలవులు దేనికీ చాలవు. సారు ఇవన్నీ ఎక్సెల్ షీటులో ఎక్కించి, కుదరని రోజులకు ఎరుపు, కుదిరేవాటికి పచ్చ పూశాడు. ఏడాది మొత్తంలో పచ్చగా తేలింది ఒక ఆదివారం, దాని మరునాడు.

హిందీ సారు శనివారం నీసు ముట్టడు, కనుక శనివారం లేని ప్యాకేజీ ఉందేమో కనుక్కోమన్నాడు. లెక్కల సారు నిజంగానే ఏజెంటుకు ఫోను చేసి కనుక్కున్నాడు!

దుబాయి ఖాయమనుకున్న వారంలో పీఈటీ సారు పాస్‌పోర్టు జిరాక్సు అందింది. అందులో ఇంటిపేరు గడి ఖాళీ. మన దగ్గర ఇది మామూలే. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, మెమోలో నిండుగా, పాస్‌పోర్టులో మాయం. పాస్‌పోర్టులో ఒంటి పేరే ఉంటే విజిట్ వీసా మీద రానివ్వమని 2022 నవంబరులో యూఏఈ వాళ్లు నిబంధన పెట్టారు. సారు ఆ వార్త సగం చదివి దుబాయిని రద్దు చేశాడు.

మిగతా సగం మా అటెండర్‌కు తెలుసు. ఆయన షార్జాలో తాపీ పని చేసి వచ్చిన మనిషి. మా దిక్కు గల్ఫుకు పోనివాళ్ల వాడకట్టు వెతికినా దొరకదు. అట్లా పోయేవాళ్లకు ఫారిన్ అంటే ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు, మెడికల్, పదో తరగతి మెమో లేకపోతే పాస్‌పోర్టు మీద పడే ఈసీఆర్ (వలస తనిఖీ కావాలనే) ముద్ర, శంషాబాద్‌లో ఇంటోళ్ల ఏడుపులు. అలాంటి మనిషిని నిలబెట్టి మా సారు చెకిన్ ఎక్కడ, ఇమిగ్రేషన్ ఎక్కడ, బోర్డింగ్ పాస్ ఎప్పుడిస్తారు అని బోర్డు మీద సుద్దముక్కతో గీసి మరీ చెప్పాడు. చాయ్ ట్రే పట్టుకుని అటెండర్ అంతా విన్నాడు. విని, "సార్, రెండో పేజీల నాయన పేరుంటది గద, అదున్నా నడుస్తది. మా బామ్మర్ది కొడుకు విజిట్ మీద గట్లనే పోయిండు" అన్నాడు. సారు కాసేపు బోర్డు తుడిచాడు. "ఇప్పుడు చెప్తే ఎట్లనయ్యా, బ్యాంకాక్ ఫైనల్ చేస్తి" అన్నాడు.

2024 జూలైలో థాయిలాండు మనవాళ్లు వీసా లేకుండా 60 రోజులు ఉండొచ్చు అనేసరికి ఆయనకు పట్టపగ్గాల్లేవు మరి. కానీ మగ టీచర్ల ఇళ్లలో బ్యాంకాక్ పేరు ఎత్తగానే వంటింట్లో గిన్నెలు చప్పుడు చేశాయి. "ఎవరెవరు పోతున్రు? గంత అర్జెంటు పనేముంది ఆడ?" మేడంలు కూడా వస్తున్నారని నమ్మించడానికి సారు ఇంటింటికీ గ్రూపు స్క్రీన్‌షాట్ పంపాడు. మా ఇంట్లో నమ్మలేదు.

ఇంత ఆడిపోసుకున్నా ఒకటి చెప్పాలి. ట్రిప్పు పేరున ఆయన నడిపే చిట్టీలో పైసా తేడా రాదు. పొడుగు నోటుబుక్కులో ప్రతి నెలా సంతకాలు పెట్టిస్తాడు. సోషల్ మేడం భర్తకు ఆపరేషన్ పడ్డప్పుడు, ఆమె నోరు తెరిచి అడగకముందే ఆ నెల చిట్టీ ఆమెకు ఎత్తించాడు. గ్రూపులో ఒక్క ముక్క పెట్టలేదు. రోజుకు నలభై మెసేజీలు పెట్టే మనిషి!

సర్కారు టీచరు దేశం దాటాలంటే పై ఆఫీసు అనుమతి కావాలి. అందరి దరఖాస్తులూ సారే రాశాడు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని అందరి వెంటా పడ్డాడు. చివరికి తన పాస్‌పోర్టు బీరువాలోంచి తీసి చూస్తే, గడువు ఎప్పుడో తీరిపోయింది. అమెరికాలో ఉన్న కొడుకు రమ్మంటాడని ఎన్నడో తీసిపెట్టుకున్నదట. ఒక్క ముద్ర పడలేదు. "ఏం కాదు, 1500 కడితే నిజామాబాద్ సేవా కేంద్రంలో కొత్తది చేసిస్తరు" అని నాకే ధైర్యం చెప్పాడు.

ఆయన స్లాటు బుక్ చేసే పని నేను నెత్తికెత్తుకున్నాను. ఎక్సెల్ షీటు కూడా ఇప్పుడు నా ఫోనులోనే ఉంది, రంగులు నేనే మారుస్తున్నాను. కాబట్టి మా చుట్టాలకూ, సారు చుట్టాలకూ, పీఈటీ సారు చుట్టాలకూ మనవి: వచ్చే మే రెండో వారంలో దయచేసి పెండ్లిళ్లు పెట్టుకోకండి. పెట్టుకుంటే మాకు కార్డు పంపకండి.