ఓ ఉత్తరమా, రేపు రా (సటీకం)

అవతారిక: ఈమెయిలును గుమ్మంలోనే నిలబెట్టి, అవతలి సర్వరు ద్వారపాలకుడు అంటున్నాడు. ఛందస్సు 1982లో జాన్ పోస్టెల్ కూర్చిన ఈమెయిళ్ల రాకపోకల నియమావళి, ఎస్‌ఎంటీపీ.

మూలం:
451: ఇప్పుడు కాదు, కాసేపాగి రా.
550: నల్లజాబితాలో ఉన్నావు, ఇక రాకు.

ప్రతిపదార్థం: (మొదటి అంకె) 4 = తాత్కాలికమైన అడ్డంకి; 5 = శాశ్వత తిరస్కారం; (రెంటిలోనూ నడిమి) 5 = తపాలా వ్యవహారం; నల్లజాబితా = చెత్త పంపే యంత్రాల చిట్టా; రాకు = కొడతానని కాదు, తలుపు తీయనని.

తాత్పర్యం: సుగమం.

విశేషాలు: మొదటి పాదం చదవగానే, ఒకప్పుడు మన ఊళ్లలో రాత్రి తలుపు తట్టే దయ్యం చదివి వెళ్లిపోతుందని తలుపుల మీద రాసిన "ఓ స్త్రీ రేపు రా" స్ఫురించాలి. స్ఫురించనివాడు సహృదయుడు కాడు. 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన గ్రేలిస్టింగ్ అచ్చం ఇదే. మన దయ్యానికి చదువుంది గానీ బుర్ర లేదు. స్పామ్ దయ్యానికి తీరిక లేదు. నిఖార్సైన సర్వరు ఉత్తరాన్ని దాచుకుని మళ్లీ వస్తుంది. లక్ష తలుపులు తట్టాల్సిన యంత్రం ఒక్క గుమ్మం కోసం వెనక్కి రాదు. (ఈమధ్య కొన్ని దయ్యాలు మర్నాడూ వస్తున్నాయి. కలికాలం.) పని ఒత్తిడి నెపంతో పరీక్ష పెట్టడం వల్ల అలంకారం వ్యాజోక్తి.

రెండో పాదం వెలి. "ఒక్క ఇంటివాడు తలుపేస్తే దొంగకేం నష్టం?" అని పూర్వపక్షం. నిజమే. అందుకే 1997లో పాల్ విక్సీ తన చిట్టాను నలుగురూ చూసుకునేలా పెట్టాడు. మరుసటేడు, ఇలాంటి చిట్టాలకే పేరుపడ్డ స్పామ్‌హాస్ సంస్థ పుట్టింది. పోలీసు లేడు, కోర్టు లేదు. ఊరంతా కలిసి నిప్పూ నీళ్లూ పుట్టనివ్వకపోవడమే శిక్ష. దృష్టాంతం: 2008 నవంబరు 11న అమెరికాలో స్పామ్ ముఠాలకు నీడనిచ్చిన మెకోలో అనే హోస్టింగ్ సంస్థకు పైనుంచి నెట్ ఇచ్చే రెండు కంపెనీలు తీగ కోశాయి. ప్రపంచంలో స్పామ్ ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలలకు మళ్లీ పెరిగిందనుకోండి.

దోషం: వెలిమంట పక్కింటికీ అంటుకుంటుంది. ఒకే సర్వరును అద్దెకు పంచుకున్న వాళ్లలో ఒకడు చెత్త పంపితే అందరి ఉత్తరాలకూ 550 పడుతుంది. మా చెల్లెలి పెళ్లి శుభలేఖ అలాగే తిరిగొచ్చింది. ఫోన్ చేసి పిలిచాం, మామయ్య వచ్చాడు, భోంచేశాడు. శుభలేఖ అందలేదని ఇప్పటికీ అంటూనే ఉన్నాడు.