టిక్కు పెట్టండి, ప్రశ్న పెట్టకండి

ఒక పటం తప్పు పడింది. దేశం ఊగిపోయింది.

2022 సెప్టెంబరు 30. కాంగ్రెస్ అధ్యక్ష పదవికి శశి థరూర్ నామినేషన్ వేశారు. చేతిలో మేనిఫెస్టో. అందులో భారతదేశ పటం. ఆ పటంలో జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో కొంత భాగం గల్లంతు! ఇంకేం కావాలి? బీజేపీ ఐటీ సెల్‌కి ముందే దసరా వచ్చేసింది. టీవీ యాంకర్లు సరిహద్దు దగ్గర తామే కాపలా కాస్తున్నంత ఊపుతో అరిచారు. మరి సొంత పార్టీ? ఇంత ఘోరమైన తప్పుకి థరూరూ ఆయన బృందమే జవాబు చెప్పుకోవాలని జైరాం రమేశ్ చేతులు దులిపేసుకున్నారు. థరూర్ పటం మార్చారు. వాలంటీర్ల పొరపాటన్నారు. బేషరతుగా క్షమాపణ చెప్పారు.

ఈ పెద్దమనిషే 2019 డిసెంబరులో, సీఏఏ గొడవల వేళ, ఇలాంటి పటమే పోస్టు చేసి తీసేశారు. ఐక్యరాజ్యసమితిలో మూడు దశాబ్దాలు వెలగబెట్టిన దౌత్యవేత్తకి సొంత దేశం పటం రెండుసార్లు తప్పిందంటే తిట్టాల్సిందే. తిట్టండి. నేనూ ఓ చెయ్యి వేస్తాను.

కానీ ఆ మేనిఫెస్టోలో ఏముందో ఎవరైనా చదివారా? అధికారమంతా ఢిల్లీలో గుట్టపోసుకోకుండా కిందికి పంచాలని ఉంది. దాని మీద ఒక్క రాత్రి చర్చ జరిగిందా? ఒక్క యాంకర్ ఒక్క కేక వేశాడా? ఎందుకు వేస్తాడు? గీత వంకరైతే కెమెరాకి కనిపిస్తుంది. పార్టీ వంకరైతే కనిపించదు.

ఆ వారం మా భిలాయి ఖుర్సీపార్ టీ బడ్డీ దగ్గర ఒక బాబాయి తగులుకున్నాడు. ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చి స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లలో చేరి, అక్కడే రిటైరైన మనిషి.

"ఏటి బాబూ ఈ గోల? ఆ పటంలో భిలాయి ఉందా?"

"ఉంది బాబాయ్."

"మన ఊరి కాంగ్రెసోళ్ళలో ఓటున్నోడెవడో సూపించారా?"

"అది చూపించలేదు."

"మరి అది తప్పు కాదేటి?"

టీవీ స్టూడియోల్లో ఇంత సూటి ప్రశ్న ఎవరికీ తట్టలేదు. వంద కోట్ల పైచిలుకు జనాభా ఉన్న దేశంలో, వందేళ్ళు దాటిన పార్టీకి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు ఉన్నది 9,915 మందికి. వాళ్ళ పేరు డెలిగేట్లు. వాళ్ళు ఎవరు? ఎక్కడుంటారు? వాళ్ళని ఎవరు ఎంపిక చేశారు? జాబితా బయటపెట్టండి మహాప్రభో అని థరూర్, మనీశ్ తివారీ లాంటి అయిదుగురు ఎంపీలు ఎన్నికల అధికారి మధుసూదన్ మిస్త్రీకి ఉత్తరం రాయాల్సి వచ్చింది. పోటీ చేయదలచినవాళ్ళు మా ఆఫీసుకొచ్చి చూసుకోవచ్చని జవాబు. మున్సిపాలిటీ వార్డు ఎన్నికలో కూడా ఓటర్ల జాబితా గోడకి అంటిస్తారు కదా? దేశాన్ని పాలించిన పార్టీ తన ఓటర్లని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుందా? దీని మీద ఎవడి రక్తమూ మరగలేదేం?

మన ఛత్తీస్‌గఢ్ సంగతి మరీ ముచ్చట. ఎన్నికకు నోటిఫికేషన్ సెప్టెంబరు 22న వచ్చింది. మనవాళ్ళు ఆగలేకపోయారు. 18నే రాష్ట్ర కాంగ్రెస్ తీర్మానం చేసి పారేసింది. రాహుల్ గాంధీయే అధ్యక్షుడు కావాలట! ఆయన నాకొద్దు బాబోయ్ అంటూ కన్యాకుమారి నుంచి నడుచుకుంటూ పోతుంటే, వెనకాల నుంచి పీకలో దండ వేసే ప్రయత్నం. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ మన పక్కనున్న పాటన్ ఎమ్మెల్యే. ఆయన సమక్షంలో చేతులు లేచాయి. పోటీ మొదలు కాకముందే ఫలితం కోరుకునే ఈ తీర్మానాన్ని ప్రజాస్వామ్యం అంటారా, పాదాభివందనం అంటారా?

ఇక అసలు వినోదం బ్యాలెట్ దగ్గర. పటం గొడవ చల్లారింది, గుర్తు గొడవ మొదలైంది. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా '1' అని రాయమన్నారు. బ్యాలెట్‌లో మొదటి పేరు ఎవరిది? మల్లికార్జున ఖర్గేది. రెండో పేరు థరూర్‌ది. ఒకటి రాయమంటే ఒకటో నంబరుకి వేయమన్నట్టే కదా అని థరూర్ వర్గం మొరపెట్టుకుంది. పోలింగుకి ఒక్క రోజు ముందు, అక్టోబరు 16న, మిస్త్రీగారు '1' తీసేసి టిక్కు మార్కు పెట్టించారు. స్వాతంత్ర్యం తెచ్చామని చెప్పుకునే పార్టీ చివరి క్షణం దాకా తలబద్దలు కొట్టుకున్నది దేని గురించి? నిరుద్యోగం గురించా? అంకె గురించి! అంత చర్చించి టిక్కు పెట్టమంటే, 416 ఓట్లు చెల్లలేదు. క్యూఆర్ కోడ్ కార్డులు మెడలో వేసుకొచ్చిన డెలిగేట్లండీ వీళ్ళు. ఈవీఎం బటన్ సరిగ్గా ఎలా నొక్కాలో మనకి శిక్షణ ఇచ్చేది వీళ్ళే.

ఖర్గేకి 7,897. థరూర్‌కి 1,072. తాను వెళ్తే పీసీసీ పెద్దలు కనిపించరు, ఖర్గే వస్తే వరుసకట్టి నిలబడతారు అని థరూర్ ముందే బాధపడ్డారు. పోలింగ్ రోజు మన హైదరాబాద్ గాంధీభవన్‌లో జాబితాలో పేరు మార్చేశారని రగడ. ఉత్తరప్రదేశ్‌తో పాటు పంజాబ్, తెలంగాణలో అవకతవకలు జరిగాయని థరూర్ ఏజెంటు ఫిర్యాదు. మా ముందొక ముఖం, మీడియా ముందొక ముఖం అని మిస్త్రీగారి మందలింపు. ఫైలు మూసేశారు.

అయినా 1,072 అంటే గొప్పే. 2000 సంవత్సరంలో సోనియా గాంధీ మీద నిలబడ్డ జితేంద్ర ప్రసాదకి వచ్చినవి 94. ఆవిడకి 7,448. ఆ లెక్కన ఇరవై రెండేళ్ళలో పార్టీలో ప్రజాస్వామ్యం పదకొండు రెట్లు పెరిగింది. చప్పట్లు కొట్టండి మరి!

తెలుగువాళ్ళకి ఈ నాటకం కొత్త కాదు. 1939లో మన బందరు పట్టాభి సీతారామయ్యగారు ఇదే పదవికి సుభాష్ చంద్రబోస్ మీద పోటీ చేసి ఓడారు. 1,580కి 1,377. పట్టాభి ఓటమి తన ఓటమే అన్నారు గాంధీజీ. అప్పటి మన మధ్యపరగణాలలోనే, జబల్పూర్ పక్క త్రిపురిలో, సభ జరిగింది. ఊరేగింపుకి 52 ఏనుగులు. జబ్బుతో మంచం పట్టిన అధ్యక్షుడికి బదులు ఆయన ఫొటో ఊరేగింది. గెలిచిన బోస్ ఏప్రిల్ నెల దాటకుండానే రాజీనామా చేయాల్సి వచ్చింది. గెలిచినవాడి ఫొటోకి ఏనుగులు, గెలిచినవాడికి గెంటివేత. సంప్రదాయం ఎంత పాతదో చూశారా?

సరే, కాంగ్రెస్‌ని ఉతికాం. పటం చూసి దేశభక్తితో వణికిపోయిన బీజేపీ సంగతేమిటి? 1980లో పుట్టింది మొదలు ఆ పార్టీ జాతీయ అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీపడి ఓట్లు లెక్కించిన దాఖలా ఉందా? ఏకాభిప్రాయం అట. ఏకం ఎవరో, అభిప్రాయం ఎవరిదో మీకు తెలుసు, నాకు తెలుసు. ఓటే లేని ఇంట్లోంచి ఓటున్న ఇంటి మీద రాళ్ళు. గురివింద గింజ సామెత వీళ్ళకోసమే పుట్టిందేమో. పైగా 2022 నవంబరులోనే జీ-20 లోగోలో తామరపువ్వు పూయించి, అది జాతీయ పుష్పం సుమా అని కళ్ళార్పకుండా చెప్పారు. గుర్తు మనదైతే సంస్కృతి. ఎదుటివాడిదైతే ద్రోహం.

మన తెలుగు పార్టీలంటారా? అడక్కండి, నవ్వొస్తుంది. 2022 జూలైలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ జగన్మోహన్ రెడ్డిని జీవితకాల అధ్యక్షుణ్ణి చేసింది. జీవితకాలం! ఎల్ఐసీ పాలసీ కూడా అంత ధైర్యంగా మాటివ్వదు. ఇది ప్రజాస్వామ్యం కాదని ఎన్నికల సంఘం చీవాట్లు పెట్టాక, అబ్బే ఆయనే వద్దన్నారని సర్దుకున్నారు. చంద్రబాబునాయుడుగారు 1995 నుంచీ, కేసీఆర్‌గారు 2001 నుంచీ. మహానాడులు జరుగుతాయి, ప్లీనరీలు జరుగుతాయి, నామినేషన్లు కట్టలు కట్టలుగా పడతాయి. అన్నీ ఒకే పేరుతో.

అమెరికాలో ఇంత అన్యాయం లేదంటారు భిలాయిలో కోచింగులు చదివి అక్కడ తేలిన మన పిల్లలు. నిజమే, అక్కడ ప్రైమరీ అంటే మామూలు జనం వెళ్ళి ఓటేస్తారు. జాబితా బీరువాలో ఉండదు. కానీ నాయకుల వెన్నెముక? 2000 జనవరిలో సౌత్ కరోలినాలో శాసనసభ గోపురం మీద కాన్ఫెడరేట్ జెండా ఎగురుతోంది. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండా అది. దాన్ని గోపురం మీదికి ఎక్కించింది యుద్ధకాలంలో కాదు, నల్లజాతివారు హక్కుల కోసం వీధుల్లోకి వచ్చిన 1960ల మొదట్లో. రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెక్‌కెయిన్‌ని టీవీలో అడిగితే అది జాతివివక్షకి, బానిసత్వానికి గుర్తు అన్నారు. వెంటనే సలహాదారులు పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత ఎవరడిగినా జేబులోంచి కాగితం తీసి, అది వారసత్వ చిహ్నం అని చదివారు. ప్రత్యర్థి జార్జ్ బుష్ ఇంకా గడుసు. అది ఆ రాష్ట్ర ప్రజల ఇష్టం అని తప్పుకున్నారు. ఫిబ్రవరి 19న ఆ రాష్ట్ర ప్రైమరీలో మెక్‌కెయిన్ ఓడారు. ఏప్రిల్‌లో మళ్ళీ అదే రాష్ట్రానికి వెళ్ళి, ఓట్ల కోసం నిజం దాచానని ఒప్పుకున్నారు. ఓట్లు పోయాక నిజం చెప్పడానికి ఖర్చేముంది?

ఆ జెండా శాసనసభ ఆవరణ వదిలింది 2015 జూలై 10న. అదీ చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిదిమంది నల్లజాతివారిని ఒక జాత్యహంకారి కాల్చి చంపాక. తొమ్మిది శవాలు లేస్తే తప్ప నాయకులకి అది ఏ గుర్తో గుర్తుకు రాలేదు. దించిన గవర్నర్ నిక్కీ హేలీకి చప్పట్లు. ఆవిడే 2023 డిసెంబరులో అధ్యక్ష ప్రచారంలో అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే బానిసత్వం అన్న మాట మింగేశారు. అక్కడ జెండా చూసి నోరు మూసుకున్నారు, ఇక్కడ పటం చూసి నోరు చించుకున్నారు. విద్య ఒకటే. అడిగిన దానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం.

ఇంటికొద్దాం. 2023 ఫిబ్రవరి 24 నుంచి మూడు రోజులు నవా రాయపూర్‌లో కాంగ్రెస్ 85వ ప్లీనరీ. ప్రియాంక గాంధీ వచ్చే దారిలో రోడ్డు మీద గులాబీ రేకులు పరిచారు. పత్రికల లెక్క ప్రకారం ఆరు వేల కిలోలు. మొదటి రోజే స్టీరింగ్ కమిటీ కూర్చుని వర్కింగ్ కమిటీకి ఎన్నికలు అక్కర్లేదని తేల్చేసింది. సభ్యుల్ని ఖర్గేగారే నియమిస్తారట. గాంధీ కుటుంబం ఆ సమావేశానికి రాలేదు, నిర్ణయం స్వేచ్ఛగా జరగాలని. ఎంత స్వేచ్ఛో! ఎన్నికలో గెలిచిన అధ్యక్షుడి చేతుల మీదుగా మొదట జరిగిన పుణ్యకార్యం, ఎన్నిక రద్దు. పది నెలలు తిరక్కుండా రాష్ట్రంలో ప్రభుత్వమే పోయింది. గులాబీలు పరిచిన చోట తామర పూసింది.

ఈ పెద్దలందరూ ఒక్కసారి భిలాయి స్టీల్ ప్లాంటు బోరియా గేటు దగ్గరికి రావాలి. ఇక్కడ గుర్తింపు యూనియన్‌ని కార్మికులు రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటారు. ఓటు అడగాలంటే షిఫ్టు మారే వేళకి గేటు దగ్గర నిలబడి, హెల్మెట్ చంకన పెట్టుకొచ్చిన మనిషి అడిగే ప్రశ్నకి ఎదురుగా జవాబు చెప్పాలి. ప్రశ్న ఎప్పుడూ ఒకటే. 39 నెలల ఎరియర్స్ ఏవి? 2017 జనవరి నుంచి వర్తించాల్సిన వేతన ఒప్పందం 2021 అక్టోబరులో కుదిరింది, బకాయిలు 2020 ఏప్రిల్ నుంచే అన్నారు. మధ్యలో 39 నెలలు మాయం. ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళలో కాంగ్రెస్ వారి ఐఎన్‌టీయూసీ ఉంది. సంస్థ యజమాని బీజేపీ వారి కేంద్ర ప్రభుత్వం. పటంలో ముక్క మాయమైతే గంటలో దేశం లేచింది. జీతంలో ముక్క మాయమైతే ఏ యాంకర్ లేచాడు? ఏ ఐటీ సెల్ నిద్ర చెడగొట్టుకుంది?

కాంగ్రెస్ పటం నేర్చుకుందా అంటే, అదీ లేదు. 2024 డిసెంబరులో బెళగావి సమావేశాలకి కట్టిన బ్యానర్లలో మళ్ళీ అదే తప్పు పటం. మళ్ళీ అవే కేకలు. అదే యాంకర్, అదే టై.

ఖర్గేగారిది అయిదేళ్ళ పదవి. 2027లో మళ్ళీ ఎన్నిక రావాలి. పటం ఈసారి సర్వే ఆఫ్ ఇండియా నుంచి తెచ్చుకుంటారనుకుందాం. టిక్కు పెట్టాలో ఒకటి రాయాలో ముందే తేల్చుకుంటారనుకుందాం. డెలిగేట్ల జాబితా రాయపూర్ రాజీవ్ భవన్ గోడకి అంటిస్తారా? అంటిస్తే ఒక ఫోన్ కొట్టండి. ఖుర్సీపార్ నుంచి బాబాయిని ఆటో ఎక్కించి తీసుకొస్తాను. ఛార్జీ నాదే.