కంటికి ఆనని పొగ

పొగ నల్లగా లేకపోతే బండి బాగున్నట్టే. లారీలు నడిపేవాళ్ల మధ్య పెరిగిన నాలో ఆ లెక్క ఎప్పుడో పాతుకుపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక, ఆ రకం బండే కొన్నాక కూడా దాన్ని వదల్లేదు.

పొగను శుభ్రపరిచే యూరియా ద్రావణం యాడ్‌బ్లూ అయిపోవస్తే దాని ట్యాంకులో నీళ్లు కలిపాను. అందులో యూరియా 32.5 శాతమే, మిగతాదంతా నీళ్లే కదా, ఇంకాసిన్ని పోస్తే పోయేదేముంది అనుకున్నాను. పోయేది అమ్మోనియా. వేడి పొగలో పడ్డ యూరియా అమ్మోనియాగా మారితేనే నైట్రోజన్ ఆక్సైడ్లు ఉత్ప్రేరకం మీద విరిగి నైట్రోజన్, నీటి ఆవిరి అవుతాయి. అది చాలకపోతే విషం అలాగే బయటికొస్తుంది. ఇంజిన్లో పుట్టేది ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడ్, దానికి రంగే లేదు. నేను వెనక్కి వెళ్లి చూసి, పొగ రావడం లేదని తృప్తిపడ్డాను.

డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలిగింది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే సెన్సర్ పోయిందని తేల్చేశాను. దాని పనితనం అప్పుడు తెలిసి ఉంటే అంత మాట అనేవాణ్ణి కాదు. జిర్కోనియా సిరామిక్ ముక్క అది. ఎర్రగా కాలే వేడిలో పనిచేస్తుంది. మొదటి గదిలో పొగలోని ఆక్సిజన్‌ను తోడేస్తుంది. రెండో గదిలో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడగొట్టి, అందులోంచి వచ్చిన ఆక్సిజన్‌ను కరెంటుగా కొలుస్తుంది. ఆ కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. దాన్ని చదివి ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేది తీగ చివరనున్న మాడ్యూల్. ఫ్యాక్టరీలో ఆ రెండింటినీ ఒకదానికొకటి సరిచూసి జత చేస్తారు.

నేను ఆ తీగ కోసి, చవగ్గా దొరికిన సెన్సర్ మొనను పాత మాడ్యూల్‌కు అతికించాను. లైటు ఆరలేదు సరికదా, బండి పికప్ కూడా పడిపోయింది.

"సెన్సర్‌ సంగతి తర్వాత. ముందు ట్యాంకులో ఏం పోశావో చెప్పు," అన్నాడు మెకానిక్ బాబాయ్. చుక్క తీసి రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి నాకే చూపించాడు. యూరియా ఉండాల్సిన దానికన్నా చాలా తక్కువుంది.

ట్యాంకు కడిగించి, మాడ్యూల్‌తో సహా కొత్త సెన్సర్ వేయించాను. ఆ ఖర్చు గురించి బాధ లేదు. బాధంతా హమాలీల గురించే. గోదాం ముందు ఇంజిన్ ఆపకుండా సరుకు దింపించే అలవాటు నాకు. అలా నిలబెట్టి నడిపితే పొగ చల్లబడుతుంది. దాదాపు 200 డిగ్రీల వేడి లేకపోతే మంచి యాడ్‌బ్లూ ఉన్నా ఉత్ప్రేరకం సరిగా పనిచేయదు. ఆ గొట్టం వెనకే హమాలీలు బస్తాలు మోశారు. వాళ్లలో ఎవరికైనా ఊపిరాడకపోయినా, అది నా బండి వల్లేనని తెలిసే దారి వాళ్లకు లేదు.