తుమ్ముల మాత్రకి తలకిందుల సలహాలు

మాత్ర కొనేటప్పుడు పైనున్న పేరు చూడకండి. ధర ఎక్కువైతే మందు మంచిదనుకోకండి. తుమ్ములు మొదలయ్యేదాకా ఆగకండి. మా తళవాయిపురంలో ఈ మాటలంటే తలతిక్క సలహాలని కసురుకుంటారు. అయినా చెబుతాను.

ఇది నైటీలు కుట్టే ఊరు. కత్తిరించిన గుడ్డ అంచునుంచి లేచే నూగు ముక్కులో పడితే చాలు, కొందరికి వరసగా పది తుమ్ములు, కళ్ల దురద. వెంటనే మందంగడికి వెళ్లి "ఒక సెట్టు ఇవ్వండి" అంటారు. కాగితప్పొట్లంలో మూడు రంగుల మాత్రలొస్తాయి. అవేమిటో మింగేవాళ్లకి తెలియదు.

సెట్టు అడగకండి, అట్ట అడగండి. దాన్ని తిరగేయండి. రెండు కంపెనీల అట్టలు పక్కపక్కన పెట్టి చూశాను. పేర్లు వేరు, రంగులు వేరు. వెనక మాత్రం రెండింటి మీదా ఒకటే: సెట్రిజిన్ హైడ్రోక్లోరైడ్ టాబ్లెట్స్ ఐపి, 10 ఎంజి. ఐపి అంటే ఇండియన్ ఫార్మకోపియా. ఆ రెండక్షరాలు వేసుకున్న ఏ కంపెనీ మాత్రైనా ఆ ఒక్క ప్రమాణానికే నిలబడాలి. అందుకే జన్ ఔషధిలోనో, 2025 ఫిబ్రవరి 24న తమిళనాడంతటా వెయ్యి చోట్ల తెరిచిన ముదల్వర్ మరుందగం మందుల అంగళ్లలోనో చవగ్గా దొరికితే మొహమాటపడకుండా కొనండి. నాలుగు మాత్రలే కత్తిరించి ఇస్తే, గడువు తేదీ ఉన్న ముక్కే ఇమ్మనండి. లేకపోతే తేదీ అవతలి ముక్కతో అంగట్లోనే ఉండిపోతుంది.

లెవోసెట్రిజిన్ మీద 5 అని చూసి సగం బలమే అనుకోవద్దు. సెట్రిజిన్‌లో పనిచేసే భాగాన్ని వేరుచేసిందే అది.

ఎక్కువ మందులు కలిసిన మాత్ర మేలనే నమ్మకం ఒకటుంది. నాకు ఒప్పుదల లేదు. జలుబు మాత్రల్లో కలిపే ఫినైలెఫ్రిన్ బీపీ ఉన్నవాళ్లకి మంచిది కాదు. లెవోసెట్రిజిన్‌తో కలిపి అమ్మే మాంటెలుకాస్ట్ మనసు మీద చూపే ప్రభావం గురించి 2020 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది. ఉత్త తుమ్ములకి ఒక్క మందు చాలు. డాక్టరు రాసిస్తే అది వేరే సంగతి.

పాతకాలపు తుమ్ముల మాత్రలు సీపీఎం (క్లోర్‌ఫెనిరమిన్), అవిల్ మెదడులోకి వెళ్లి నిద్ర తెస్తాయి. అలాంటిది పొద్దున్నే వేసుకుని మిషన్ ముందు కూర్చోకండి అక్కా. కన్ను ఒక్కసారి మూతపడితే సూది గోరులోకి దిగుతుంది. సెట్రిజిన్ కూడా కొందరికి మత్తుగా ఉంటుంది, రాత్రి వేసుకోండి. నూగు లేచే పని ఉందని తెలిస్తే ముందురోజు రాత్రే వేసుకోవడం మేలు, తుమ్ములొచ్చాక మందు వాటి వెంట పరుగెత్తాలి. ఫెక్సోఫెనడిన్‌తో మత్తు చాలా తక్కువ, కానీ పళ్లరసంతో మింగితే ఒంటికి సరిగా పట్టదు. మంచినీళ్లతోనే మింగండి. ముక్కు దిబ్బడే ప్రధానమైతే మాత్రకన్నా డాక్టరు రాసే ముక్కు స్ప్రే బాగా పనిచేస్తుంది. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, పిల్లలకి కొనేవాళ్లు అడగకుండా ఏదీ కొనవద్దు.

చివరిది మాత్రం రాజపాళయం చుట్టుపక్కల నూలు మిల్లులకి వెళ్లే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. ఆదివారం ఇంట్లో బాగానే ఉండి, సోమవారం పనిలో దిగాక ఛాతీ బిగిసి ఊపిరాడకపోతే అది తుమ్ముల జబ్బు కాదు. దూది దుమ్ముతో ఊపిరితిత్తులకి వచ్చే బిసినోసిస్ అలాగే మొదలవుతుంది. దానికి ఈ మాత్రలేవీ పనిచేయవు. డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు "సోమవారమే ఎక్కువగా ఉంటుంది" అన్న మాట మరిచిపోకుండా చెప్పండి.