చెమట పట్టని వాడికి ఉల్లిపాయ వైద్యం

మళ్లీ ఉల్లిపాయ వచ్చేసింది. ఉగాది పచ్చడి గిన్నె కడిగేలోపే ఫోన్లో మొదటి వీడియో దిగింది. జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ దగ్గరికి రాదట. ఈసారి పేరున్న పెద్దలే జేబులోంచి తీసి చూపిస్తున్నారు కనుక మనం నోరు మూసుకుని, ఏ జేబు అన్నది మాత్రం తేల్చుకుంటే చాలు.

తేల్చుకోబోయాను. మా బాబాయి చొక్కా జేబంటాడు, గుండెకు దగ్గర కదా అని. వీధి చివర మందుల షాపాయన ప్యాంటు జేబే మేలంటాడు. ఎర్రదా, తెల్లదా? పొట్టు తీయాలా, వద్దా? దీని మీద ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. సాయంత్రానికి పాయ మెత్తబడితే ఒంట్లో వేడంతా లాగేసిందని రుజువు. గట్టిగానే ఉంటే దానిలో సత్తా ఇంకా మిగిలి ఉందని రుజువు. ఏం జరిగినా గెలిచే వైద్యంతో వాదించడం ఎవరి తరం?

ఒక్కటే సందేహం. ఒక్క పాయకే అంత చలవ ఉంటే, మలక్‌పేట మార్కెట్లో ఉల్లి బస్తా వీపున మోసే హమాలీకి మే నెలలో స్వెట్టర్ కొనిపెట్టాలి కదా! కర్నూలు రైతు ఉల్లి చేలో నిలబడి గజగజ వణకాలి కదా! వాళ్లేమో తలకు తువ్వాలు చుట్టుకుని నీడ కోసం వెతుక్కుంటున్నారు. పాపం, వీడియో వాళ్లదాకా చేరినట్టు లేదు.

ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు. చేయనీ. నాకు కావలసిన మేలు చెమట పట్టడం. ఛాతీ పైభాగంలో నా వెన్నుపాము దెబ్బతింది. చెమట పట్టమని మెదడు పంపే కబురు ఆ దారినే దిగాలి. దారి తెగింది. ఖమ్మంలో, రేకుల ఇంట్లో, మే నెల మధ్యాహ్నం నా మొహమూ మెడా ధారలు కారుతుంటాయి, ఛాతీ కింద మాత్రం చుక్క ఉండదు. చెయ్యి వేస్తే కాలుతుంది. జ్వరమేమీ లేకుండానే థర్మామీటర్ 101 చూపిస్తుంది. మొక్కలకు కొట్టే స్ప్రే సీసాతో కాళ్ల మీదా పొట్ట మీదా నీళ్లు కొట్టుకుని ఫ్యాన్ కింద ఉంటాను. లేని చెమటకు బదులు ఆ నీళ్లు ఆరాలి, ఒళ్లు చల్లబడాలి. కరెంటు పోయిందా, నీళ్లు ఆరవు, ఒంటి వేడి తగ్గదు. అప్పుడే ఫోన్ మోగుతుంది. “ఏరా, ఉల్లిపాయ పెట్టుకున్నావా?”

బాబాయి మంచివాడే. నా కోపం “అలవాటు చేసుకోవాలి” అనే వాళ్ల మీద. ఏసీలు వచ్చి ఒళ్లు పాడుచేశాయట, మన తాతలు వేపచెట్టు కింద నులక మంచం మీద హాయిగా బతికారట. ఏ తాతలు? చెట్టు కింద పడుకుని లేచినవాళ్లనే మీరు చూశారు. లేవనివాళ్ల సంగతి చెప్పడానికి ఎవరున్నారు? నా స్నేహితురాలికి మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చూపు మసకబారుతుంది, కాళ్లు మాట వినవు. ఒళ్లు శ్రమపడితే ఇలా చూపు మసకబారడాన్ని జర్మన్ కంటి వైద్యుడు ఉట్‌హాఫ్ 1890లోనే రాసిపెట్టాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆ జబ్బును వైకల్యాల జాబితాలో చేర్చింది కూడా. అయినా ఆమె ఆఫీసులో ఏసీ పక్క సీటు అడిగితే “అమ్మగారికి సుకుమారం ఎక్కువ” అన్నారు. సుకుమారం కాదు, అది నరాల జబ్బు! గుడ్డివాడిని చీకటి అలవాటు చేసుకోమనే నోళ్లే ఇవి.

ఇక సర్కారు వారి సలహాలు. నీళ్లు బాగా తాగండి. తాగి ఎక్కడికి పోవాలి? చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఊళ్లో ఎక్కడుందో చూపించండి, అప్పుడు బిందెడు తాగుతాను. మాలో చాలామంది బయటికి వెళ్లే రోజు పొద్దున్నించే నోరు కట్టుకునేది అందుకే. చలివేంద్రం పెట్టారు, సంతోషం. ఫ్లెక్సీ మీద నాయకుడి మొహం రోడ్డు దాకా కనిపిస్తుంది, కుండ మాత్రం మూడు మెట్ల పైన ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం బయటికి రావద్దు. ఎవరొస్తున్నారు? మమ్మల్ని ఉడికించేది ఇల్లే. తెలంగాణకు 2023 నుంచి ఇంటి కప్పును చల్లగా ఉంచే కూల్ రూఫ్ విధానం ఉంది. ఇళ్ల విషయంలో అది తప్పనిసరయ్యేది 600 గజాల స్థలం నుంచి. రేకుల కొంపలకు ఐచ్ఛికం.

2025 జూన్‌లో కేంద్ర మంత్రి ఏసీలను 20 డిగ్రీల కిందికి దిగనివ్వబోమన్నారు. మాకు ఇరవై ఎనిమిదైనా మహాభాగ్యమే, ముందు ఏసీ ఏదీ? నా చక్రాల కుర్చీ మీద జీఎస్టీ 5 శాతం, ఎందుకంటే అది అవసరం. ఏసీ మీద నిన్నమొన్నటి దాకా 28, ఇప్పుడు 18. ఎందుకంటే అది విలాసం. కుర్చీ లేకపోతే కదలను, అంతే. చల్లదనం లేకపోతే ఉండనే ఉండను. 4,016 రూపాయల పింఛనులో ఈ విలాసం ఏ మూలకు సరిపోతుంది?

డబ్బు లేక కాదు. వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు, వడదెబ్బతో చనిపోతే కుటుంబానికి 4 లక్షలు. తహసీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసి వచ్చి నిర్ధారిస్తారు. ఆ ముగ్గురూ ఒక్కసారి నేనుండగా రండి. ఆ 4 లక్షల్లో పదో వంతు పెడితే ఒక గది చల్లబడుతుంది, మిగతాది ఖజానాలోనే ఉంటుంది. కానీ ఆ పరిహారం దరఖాస్తుకు పోస్టుమార్టం రిపోర్టు జతచేయాలి, అదొక్కటే నేను ముందుగా తేలేకపోతున్నాను.