చెవికి గొళ్ళెం

కొండగట్టు అంజన్న గుట్ట చుట్టుపక్కల, అంటే కొడిమ్యాల, మల్యాల నుంచి అటు కోరుట్ల దాకా, ఇటు వేములవాడ మీదుగా సిరిసిల్ల దాకా, పాట కట్టేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు. ఇప్పుడు ఆ పాటను పట్టి కంప్యూటర్లో బంధించే గదులకూ కొదవ లేకుండా పోయింది. మొబైల్ రిపేరు షాపు మీద ఒక గది, పిండి గిర్ని పక్కన ఒక గది, ఎరువుల దుకాణం వెనకాల ఒక గది. మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మొదలైన యూట్యూబ్ ఛానల్ మై విలేజ్ షో గంగవ్వను ఇంటింటి మనిషిని చేశాక, హైదరాబాదుకు బస్సెక్కకుండానే హైదరాబాదు వాళ్ల చెవిన పడొచ్చని ఈ తట్టు పోరగాళ్లకు తెలిసిపోయింది.

ఈ గదుల్లో ఎక్కువ భాగం ఒకే అచ్చులో ఉంటాయి. మేడమీద చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక మంచి మైకు, రెండు మామూలు మైకులు, మూలన ఇన్వర్టరు, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. వాటిని చూపించి స్టూడియో ఓనరు "ఫుల్ సౌండ్ ప్రూఫ్ అన్నా" అంటాడు. ఆ మాట అంటుండగానే కింద గిర్ని పట్టా తిరగడం మొదలవుతుంది. అట్టల వల్ల గదిలో గుంయ్‌మనే మోత కాస్త మెత్తబడితే మెత్తబడవచ్చు. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపాలంటే మాత్రం కావలసింది బరువు: ఇటుక, ఇసుక, రెండు పొరల తలుపు. గుడ్ల అట్టకు గుడ్డును మోయడమే కష్టం, ఇక బరాత్‌ను ఏం ఆపుతుంది?

బరాత్ అంటే గుర్తొచ్చింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. పెళ్లివాళ్లలో ఈ నియమాలు ఎంతమందికి తెలుసో గానీ స్టూడియోవాళ్లకు మాత్రం కంఠతా వచ్చు. జానపద గాయకులు తెల్లవారుజామున కళ్లు నలుపుకుంటూ ఇళ్లకు చేరడానికి కారణం కళాతపస్సు కాదు, డీజే బాక్సులు.

బయటి శత్రువును రాత్రి రెండు గంటల ముహూర్తంతో తప్పించుకోవచ్చు. లోపలి శత్రువుకు ముహూర్తాలు లేవు. వాడి పేరు మేళం.

కీబోర్డు మీద ట్రాక్ కట్టి, దానిమీద ఒక్కరే వచ్చి పాడిపోతే ఏ తంటా లేదు. హెడ్‌ఫోన్లు ఏవైనా ఒకటే, ఫోనుతో పాటు డబ్బాలో వచ్చిన ఇయర్‌ఫోన్లతో కూడా పని గడుస్తుంది. ఒగ్గుకథ బృందం వచ్చిందంటే లెక్క మారుతుంది. ఇది సినారె పుట్టిన హనుమాజీపేట ఉన్న నేల. ఆ ఊరే ఒగ్గుకథ దిగ్గజం మిద్దె రాములుది కూడా. ఒక ఊళ్లోంచి ఒకరు జ్ఞానపీఠానికి, ఇంకొకరు డోలు మోతతో జాతర్లకు పోయిన ప్రాంతంలో మేళాన్ని "ఒక్కొక్కరే వచ్చి వాయించి పోండి" అంటే నడవదు. డోలు కథకుడి మాటను అందుకోవాలి, కథకుడు తాళాన్ని అందుకోవాలి, వంత పాడేవాళ్లు ఇద్దర్నీ అందుకోవాలి. అందరూ ఒకే గదిలో, ఒకే గడియలో కూచుని కొట్టాల్సిందే.

అక్కడ మొదలవుతుంది అసలు కథ.

"తమ్మీ, నా చెవులల్ల డోలు తప్ప ఇంకేం ఇనవడ్తలేదు."

"పెంచిన గదనే."

"ఇంక జెర పెంచు."

తమ్ముడు పెంచుతాడు. డప్పాయనకు కూడా వినబడదు, ఆయనకూ పెంచుతాడు. డప్పును మంట దగ్గర కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టుకుని దగ్గర్నుంచి కొడితే 100 డెసిబెల్స్ దాటడం పెద్ద విశేషం కాదు. దానిని మించి వినబడాలంటే హెడ్‌ఫోన్లో మోత ఇంకా పెరగాలి. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్‌ను 8 గంటలు భరించవచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ఒగ్గుకథలో 15 నిమిషాలంటే ఇంకా గణపతి ప్రార్థనే అయిపోదు.

చెవుల సంగతి తర్వాత, ముందు పాట సంగతి చూడండి. అంత పెంచిన హెడ్‌ఫోన్లోంచి లయ కోసం పెట్టిన క్లిక్ బయటికి కారి, ఎదురుగా ఉన్న మైకులో పడుతుంది. మేళం జోరులో అది ఎవరికీ తెలియదు. అప్పగింతల పాటలో మేళమంతా ఆగి, తల్లి గొంతు ఒక్కటే సన్నగా సాగే చోట బయటపడుతుంది: టిక్, టిక్, టిక్. బిడ్డ అత్తారింటికి పోతుంటే తల్లి గడియారం చూసుకుంటున్నట్టు ఉంటుంది. ఆ టిక్కును ఏ సాఫ్ట్‌వేరుతో గీకినా తల్లి గొంతు కూడా కొంత గీక్కుపోతుంది. అందుకే మేళాన్ని రికార్డు చేసేవాడు హెడ్‌ఫోన్ కొనేటప్పుడు పాట ఎంత కమ్మగా వినబడుతుందని కాదు, మూత ఎంత గట్టిగా పడుతుందని అడగాలి. సంగీత దుకాణంలో ఆ ప్రశ్న వేసేవాణ్ని కొంచెం వింతగా చూస్తారు, పరవాలేదు.

మూత లెక్క కూడా డెసిబెల్స్‌లోనే. 10 తగ్గితే చెవికి మోత సగమైనట్టు ఉంటుంది, 20 తగ్గితే శబ్దశక్తి వందో వంతుకు, 30 తగ్గితే వెయ్యో వంతుకు పడిపోతుంది. స్టూడియోల్లో ఎక్కడ చూసినా కనబడే సోనీ 7506 గట్టి బండి. 1991 నుంచి మార్కెట్లో ఉంది, నీలం పట్టీ చూడగానే గుర్తుపడతారు. కానీ దాని మూత పలచన, డోలు పక్కన నిలవదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో 32 డెసిబెల్స్ దాకా ఆపుతుందని కంపెనీ చెబుతుంది. తల మీద పట్టకారులా బిగుసుకుంటుందని దాని మీద ఫిర్యాదు. ఆ బిగువే దాని గుణం అన్న సంగతి ఫిర్యాదు చేసేవాళ్లు ఒప్పుకోరు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ఎం మోడల్‌ను డ్రమ్ములవాళ్ల కోసమే చేశారు, 35 దాకా అంటారు, ధర విన్నాక డోలాయన "దీనికి ఓ దూడొస్తది" అంటాడు.

వీటన్నిటిలో ఈ వ్యాసకర్తకు ముచ్చటగా తోచింది విక్ ఫర్త్‌ది. ఆయన బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో టింపనీ వాయించినవాడు, డ్రమ్ము పుల్లల కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీయే తర్వాత డ్రమ్ములవాళ్ల కోసం 24 డెసిబెల్స్ ఆపే హెడ్‌ఫోన్లనూ అమ్మింది. ఒక చేత్తో పుల్లలు, ఇంకో చేత్తో చెవులకు మూతలు. వ్యాపారం అంటే అది.

అయితే పెట్టె మీది అంకెలు ప్రయోగశాలలో పుట్టినవి, కొడిమ్యాల తలల మీద కాదు. బుట్టకమ్మ ఉంటే ప్యాడ్ ఎత్తుకుంటుంది. కళ్లజోడు కాడ దూరితే సందు పడుతుంది. ఆ సందులోంచి ముందుగా దూరేది లావుపాటి శబ్దమే, అంటే సరిగ్గా డోలు. ఎత్తుగా వేసిన కొప్పు, తలకు చుట్టిన రుమాలు, కొబ్బరినూనె, అన్నీ లెక్కలోకి వస్తాయి. రికార్డింగుకు ముందు "అక్కా, కమ్మలు తీస్తవా?" అని గాయనిని అడగడం వెయ్యి రూపాయల హెడ్‌ఫోన్‌కు ఇంకో వెయ్యి విలువ చేర్చినట్టే. అడిగే ధైర్యం ఉండాలి, అంతే.

రెండు చెవులూ గట్టిగా మూసుకుపోతే ఇంకో చిక్కు ఉంది. మనిషికి తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు వినబడుతుంది. ఎముకల గుండా లోపలికి వచ్చిన శబ్దం బయటికి పోయే దారి లేక చెవిగూట్లోనే తిరుగుతుంది. పొలాల్లో, గద్దెల మీద పాడి అలవాటైన గాయకులకు ఇది అస్సలు పడదు. వాళ్లు ఒక చెవి మీది కప్పును వెనక్కి తోసేస్తారు, అందులోంచి క్లిక్ కారిపోతుంది, మళ్లీ గడియారం మొదటికొస్తుంది. దీనికి మందు సులభం: తోసిన కప్పును గాలికి వదలకుండా చెవి వెనక తలకు అదిమి పెట్టడం, ఆ వైపు శబ్దాన్ని పూర్తిగా తగ్గించేయడం. గమనిస్తే, ఎత్తుగా రాగం తీసేటప్పుడు ఒక చెవి మీద అరచెయ్యి పెట్టుకునే జానపద గాయకులు చేస్తున్నదీ అటువంటి పనే. మేళం మోతలో తన గొంతు తనకు అందడానికి అరచేతి కప్పు. తీగ లేదు, జాక్ లేదు, ప్యాడ్లు ఊడవు.

ఇక గల్ఫ్ నుంచి వచ్చే వస్తువుల మీద ఒక మాట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు అరుదు. సెలవు మీద వచ్చే బావ సూట్‌కేసులో ఖర్జూరాలతో పాటు మెరిసే బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఒకటి ఉంటుంది, దానిమీద నాయిస్ క్యాన్సిలేషన్ అని రాసి ఉంటుంది. స్టూడియో తమ్ముడు ఎగిరి గంతేస్తాడు. బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్ 1978లో జూరిక్ నుంచి వస్తూ విమానంలో ఇంజిన్ హోరు భరించలేక ఈ ఆలోచన మొదలుపెట్టాడు. ఆ ఉపాయం అలాంటి ఎడతెగని హోరుకే బాగా పనిచేస్తుంది. డప్పు దెబ్బ హోరు కాదు, పిడుగు. హెడ్‌ఫోన్ లోపలి చిప్ దాన్ని పసిగట్టి ఎదురు శబ్దం తయారుచేసేలోపు పడాల్సిన దెబ్బ పడిపోతుంది. పైగా బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతో ఐదో వంతో ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ముందు దరువు పడుతుంది, తర్వాత అదే దరువు చెవిలో పడుతుంది, ఆ తర్వాత డప్పాయన సిర్ర కింద పెట్టి బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోతాడు. బావ ఇచ్చిన హెడ్‌ఫోన్ బస్సు ప్రయాణానికి బంగారం. మేళానికి వైరే దిక్కు.

వైరు మాట వచ్చింది గనుక మన్నిక సంగతి. హెడ్‌ఫోన్లను శబ్దం చంపదు. వాటిని చంపేవి మూడు: జాక్ మొదట్లో తెగే వైరు, మడతపెట్టే చోట విరిగే కీలు, పొట్టు రాలే ప్యాడు. రెక్సిన్ లాంటి తోలుతో చేసిన ప్యాడ్లు చెమటకూ తేమకూ ఏడాదీ రెండేళ్లలో పగిలి నల్లటి పొరలు రాలుస్తాయి. మంచి టేకు పాడి నవ్వుతూ బయటికి వచ్చిన గాయకుడి చెంపల మీద బొగ్గు పొడి చల్లినట్టు ఉంటుంది. వీడియో కూడా అప్పుడే తీస్తారు. అందుకే కొనేముందు అడగాల్సింది ప్యాడ్లు విడిగా దొరుకుతాయా, వైరు ఊడదీసి మార్చవచ్చా అని. 2014లో వచ్చిన ఆడియో టెక్నికా ఎం50ఎక్స్‌కు వైరు ఊడివస్తుంది. సోనీ 7506కు రాదు, తెగితే జగిత్యాల టవర్ సర్కిల్ దాకా పోయి సోల్డరింగ్ చేయించుకోవాలి. మెకానిక్ దాన్ని తిప్పి తిప్పి చూసి "వైరు నల్లదున్నది, ఎర్రది ఏస్త" అంటాడు. వెయ్యనివ్వాలి. ఎర్ర వైరు హెడ్‌ఫోన్‌ను ఎవరూ అరువడగరు.

ఇప్పుడు అసలైన చవక దారి. దీని కోసం సంగీత దుకాణానికి కాదు, సిరిసిల్లకు పోవాలి. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. వరుసగా సాంచాలు నడిచే షెడ్డులోకి అడుగు పెడితే మోత 90 డెసిబెల్స్ మీదే ఉంటుంది. పక్కవాడితో మాట్లాడాలంటే నోటితో కాదు, కనుబొమ్మలతో మాట్లాడాలి. ఆ మోతలో పొద్దంతా నిలబడే కార్మికుడి చెవుల మీద ఏమీ ఉండదు, మహా అయితే ఒక దూది ఉండ. ఆ చెవుల కోసమే ప్రపంచంలో ఇయర్‌మఫ్ అనే వస్తువు తయారవుతోంది. ఫ్యాక్టరీల కోసం చేసిన త్రీఎం పెల్టార్ ఎక్స్5 రకానికి అమెరికా కొలతలో 31 డెసిబెల్స్ రేటింగ్ ఉంది. అంతకంటే సాదా రకాలు హార్డ్‌వేరు, సేఫ్టీ సామాన్ల దుకాణాల్లో కొన్ని వందలకే దొరుకుతాయి. లోపల చెవిలో మామూలు వైరు ఇయర్‌ఫోన్, దానిమీద ఈ మూత. వైరు సన్నదైతే ప్యాడ్ కింద పెద్దగా సందు పడదు. డ్రమ్ములవాళ్లు ప్రపంచమంతా చేస్తున్న ఉపాయమే ఇది. ఈ మూత కింద పడితే మోగుతుంది గానీ పగలదు, ఎందుకంటే దాన్ని చేసిందే కింద పడేసే చోటు కోసం.

ఇది నామోషీ అనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవచ్చు: 1910 ప్రాంతంలో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో కూచుని తయారుచేసిన హెడ్‌ఫోన్లనే అమెరికా నౌకాదళం కొనుక్కుంది. గిర్ని మీది గదికి అంతకంటే పరువు తక్కువేం కాదు.

ఒక్క హెచ్చరిక. మేళమంతటికీ ఈ ఇయర్‌మఫ్‌లు తగిలించాల్సిన పని లేదు. డోలు, డప్పు పక్కన కూచునేవాళ్లకు చాలు. పక్కపక్కనే కూచుని ఒకరి ఊపిరి ఒకరు చూసుకుంటూ పాడే బుడగజంగాల జంటకు చెవులు మూస్తే పాట విడిపోతుంది. 2023లో 'బలగం' సినిమా చివర్లో అలాంటి జంట పాడగా ఊరు ఊరంతా ఏడ్చిన పాటను తలచుకుంటే ఆ సంగతి తెలుస్తుంది. అలాంటివాళ్లకు ఎదురుగా ఒక మంచి మైకు పెట్టి, క్లిక్ ఆపేసి, ఓనరు కూడా గదిలోంచి బయటికి పోవడం మేలు.

కరీంనగర్లో సేఫ్టీ సామాన్ల దుకాణానికి పోయి నాలుగు ఇయర్‌మఫ్‌లు అడిగితే, గ్రానైటు దేశం కదా, దుకాణదారు అడిగే మొదటి ప్రశ్న "ఏ క్వారీ అన్నా?" అనే. "క్వారీ కాదు, ఒగ్గుకథ" అంటే ఆయన ఒకసారి మొహంలోకి చూస్తాడు, నాలుగూ కవర్లో వేస్తాడు, బిల్లు మీద మాత్రం క్వారీ అనే రాస్తాడు.