ముందు గుర్రాలు, మనుషుల సంగతి తర్వాత

నెల్లూరు తీరాన సైనిక గుర్రపుస్వారీ పాఠశాల పెట్టాలని ఏ పెద్దకైనా బుద్ధి పుడితే అడ్డుచెప్పను. మైపాడులో కావలసినంత ఇసుక ఉంది. పైగా మనకు ఏడు వందల ఏళ్ల అనుభవం ఉంది.

పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ మాబర్ దేశానికి కొల్లం నుంచి నెల్లూరు దాకా ఎల్లలు చెప్పాడు. ఆ దేశానికీ చుట్టుపక్కల రేవులకూ కలిపి ఏటా పదివేల గుర్రాలు ఓడల్లో వచ్చేవట, ఒక్కోటి 220 దీనార్లు. దారిలో చచ్చినవాటికీ ఖజానాయే ధర చెల్లించేది. ఇంత చల్లని టెండరు షరతు నేటి కాంట్రాక్టరుకు కలలోనైనా దొరకదు (ఏమో, దొరుకుతోందేమో).

సరే, దిగాయి. పచ్చి బార్లీ తినే జంతువుకు మనవాళ్లు వేయించిన గింజలు నేతితో కలిపి పెట్టారు, కాచిన పాలు పట్టారు. కొత్తల్లుడికి కూడా అంత మర్యాద జరగదు. నలభై రోజులు కొయ్యలకు కట్టి, బలిశాక, శిక్షణ ఊసే లేకుండా సిపాయి ఎక్కి తోలేవాడు. కొన్నాళ్లకే మేలుజాతి గుర్రం మొద్దుబారేది. మార్కో పోలో అసలు గుట్టు విప్పాడు: మాబర్‌లో లాడాలు కొట్టేవాళ్లు లేరు, వర్తకులు వాళ్లను అక్కడికి రానివ్వరు. గుర్రం బతికితే వచ్చే ఏడు బేరమెక్కడిది?

కాబట్టి మన పాఠశాల ఎలా నడుస్తుందో చెప్పడానికి జోస్యుడు అక్కర్లేదు. గుర్రాలు కొనడానికో కమిటీ, కమిటీకో విదేశయాత్ర. ప్రిన్సిపాల్ ఇన్‌ఛార్జి, అసలు ఉద్యోగం మత్స్యశాఖలో. స్వారీ నేర్పే పోస్టు మంజూరై ఖాళీగా ఉంటుంది. సాయీసులు అవుట్‌సోర్సింగ్, జీతాలు బకాయి. పశువైద్యుడికి చుట్టుపక్కల గేదెల బాధ్యత కూడా ఉంటుంది. లాడాలు కొట్టేవాడి పోస్టు మాత్రం ఉండదు, అతగాడికి పదో తరగతి మెమో లేదు మరి. ఆరేడు వారాలకోసారి డెక్క చెక్కి లాడం మార్చాలని గుర్రానికి తెలుసు, ఆర్థికశాఖకు తెలియదు.

‘గుర్రం కుంటుతున్నది’ అని ఫైలు వెళ్తుంది. ‘ఏ కాలు కుంటుతున్నదో తెలుపగలరు’ అని తిరిగొస్తుంది. ‘ముందు కుడికాలు’ అని రాసి పంపేసరికి ఎడమదీ మొదలవుతుంది. వివరణలో తేడా ఉన్నందుకు ఆడిట్ అభ్యంతరం.

మీరట్‌లో సైన్యం తన గుర్రాల సంగతి చూసే రిమౌంట్, పశువైద్య దళానికి కేంద్రం నడుపుతోంది. లాడం కొట్టడం కూడా అక్కడ సిపాయికి నేర్పే విద్యే. అక్కడికి మాత్రం మన కమిటీ వెళ్లదు. దగ్గర కదా, భత్యం తక్కువ.

ఫైలు కదిపే పెద్దలారా, కొనుగోలు కాగితాలు కాస్త పక్కన పెట్టండి. ముందు లాడాలు కొట్టేవాడికో పోస్టు, సాయీసుకు నెలనెలా జీతం, స్వారీ నేర్పేవాడికో ఇల్లు మంజూరు చేయండి. అది కుదరదంటే గుర్రాలు కొనకండి.